ఒక్కసారా, చాలాసార్లా

"గ్యాస్ బండ తెచ్చే మణియం వచ్చినాడు, పాతది పట్టుకుపోయినాడు," అని వంటింట్లోంచి చెప్పాను.

హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న మా ఆయన శివకుమార్ తల ఎత్తకుండానే, "వచ్చాడు. పట్టుకుపోయాడు," అన్నారు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను దిద్దుతూనే ఉన్నారు. పక్కనే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్య బాలసరస్వతి గారు మొదట్లో ఇలాంటప్పుడు నవ్వేవారు. ఇప్పుడు నవ్వడం కూడా మానేశారు. "మా విజయవాడలో ఇట్లా మాట్లాడేది పనివాళ్ళేనమ్మా. అయినా నీ తప్పేముందిలే, తోటల్లో పుట్టావు," అంటూ ఈనెలన్నీ నేను ఊడ్చిన చోటే పడేశారు.

నిజమే, తోటల్లోనే పుట్టాను. మలేషియాలో బటాంగ్ బెర్జుంటై పక్కన, రబ్బరు తోటలో. మా ముత్తాత విశాఖపట్నం అవతలి పల్లె నుంచి కూలీగా ఓడెక్కి వచ్చాడట. ఆయనతో వచ్చిన తెలుగు అక్కడి మార్పులేవీ ఎరగకుండా మా కూలీల లైను ఇళ్ళలోనే ఉండిపోయింది. తమిళం చేరింది, మలాయ్ చేరింది, మాట చివర ఊతపదంగా 'లా' చేరింది, కానీ 'వచ్చినాడు' మాత్రం 'వచ్చాడు' కాలేదు. ఆ తోటలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని నేనే. కౌలాలంపూర్‌లో భాషాశాస్త్రం చదివాను. చదువు పూర్తయిన ఏడే ఆయన విజయవాడ నుంచి మా విభాగానికి లెక్చరర్‌గా వచ్చారు. నా మాట విని ఎంత మురిసిపోయారో. "మోహనప్రియా, నీ నోట్లో వందేళ్ళనాటి తెలుగు ఉంది, తెలుసా? మాట్లాడుతూ ఉండు, వింటాను," అనేవారు. నన్ను అంతగా విన్న మనిషి అంతకుముందు లేడు. అది ప్రేమ అనుకున్నాను. పెళ్ళయి నెల తిరక్కుండానే ఆ వందేళ్ళ తెలుగు ఆయన స్నేహితుల ముందు తలవంపుగా మారింది.

ఎం.ఏ.లో చేరతానన్నాను. "ముందు నా పీహెచ్‌డీ అవనీ," అన్నారు. అది అయ్యేసరికి వీణ పుట్టింది. వీణ పెద్దదై పెనాంగ్‌లో హాస్టల్‌కి వెళ్ళిందనగా అత్తయ్య మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడ మోకాళ్ళకి నూనె రాయడం, ఆవిడకి ఉల్లి లేకుండా వేరే వంట, ఆయన చొక్కాలు, ఆయన విద్యార్థుల వ్యాసాలు దిద్దడం. వీటన్నిటి మధ్యా నాకంటూ మిగిలింది ఒక్కటే, కరూక్.

కరూక్ అమెరికాలో, కాలిఫోర్నియా కొండల్లో క్లామత్ నది ఒడ్డున ఉండే జనం భాష. దాన్ని చిన్నప్పటి నుంచీ మాట్లాడినవాళ్ళు బహు కొద్దిమందే మిగిలారట. భాషల్లో గతకాలం ఎలా చెబుతారన్నదాని మీద మా ఆయన పుస్తకం రాస్తున్నారు. అందులో ఒకవైపు కరూక్, ఒకవైపు మలాయ్, మూడో వైపు మా మలేషియా తెలుగు. మలాయ్‌లో క్రియ మారదు, ముందు 'సుదా' అని పెడితే పని అయిపోయినట్టు. కరూక్‌లో ఇంకా సన్నని తేడాలున్నాయి. ఇప్పుడిప్పుడే అయిన పనికి క్రియ ముందు 'తా' అనే చిన్న మాట పెడతారు. కొంచెం వెనక జరిగిన దానికి 'ఇప్' అనే మాట ముందు వస్తుంది, క్రియ చివర కూడా ఒక తోక కలుస్తుంది. మరీ పాతకాలపు సంగతులకి 'అనిక్' అని వేరే తోక ఉంది. వ్యాకరణ పుస్తకాలు ముందేసుకుని, ఎప్పుడో రికార్డు చేసిన ముసలమ్మల గొంతులు చెవుల్లో పెట్టుకుని, వాక్యం వాక్యం విడదీసి పట్టికలు వేసింది నేను. పప్పు ఉడికే లోపు ఒక వాక్యం, అత్తయ్య కునుకు తీసే లోపు ఇంకొకటి. జరిగిపోయినదాన్నంతా ఒకే మూటలో కట్టెయ్యకుండా, ఏది దగ్గరిది, ఏది దూరానిది అని మాట్లాడే ప్రతిసారీ చూసుకునే మనుషులున్నారన్న ఊహే నాకు ఎంతో బాగుండేది. ఆ ముసలమ్మల గొంతులు వింటున్నంతసేపూ నేను ఎవరి కోడల్నీ కాను. పుస్తకం ముందుమాట చిత్తుప్రతిలో ఆయన నా గురించి ఒక వాక్యం రాశారు, 'అడిగినప్పుడల్లా ఓపికగా టీ అందించిన నా శ్రీమతికి' అని. దాన్ని టైపు చేసింది కూడా నేనే.

మలేషియా తెలుగు వాక్యాల కోసం ఆయన మా అమ్మ దగ్గరికి వెళదామన్నారు. అమ్మ పేరు మరిడమ్మ. తోట ఎత్తేసి పామాయిల్ వేశాక బటాంగ్ బెర్జుంటైలోనే చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. అల్లుడు తన మాట వినడానికి వస్తున్నాడని తెలిసి పొద్దున్నే లేచి చేపల పులుసు చేసింది, పెట్టె అడుగునున్న చీర తీసి కట్టుకుంది. ఆయన రికార్డరు పెట్టి, "నిన్న ఏం వండారు అత్తయ్యగారూ?" అని మొదలుపెట్టారు. "నిన్నేటి బాబూ, పప్పు వొండినాను," అంది అమ్మ. చిన్నప్పుడు ఏం చేసేవాళ్ళు, పెళ్ళెప్పుడయింది, మామయ్యగారు ఎలా ఉండేవారు. వంటింట్లో టీ కలుపుతూ వింటున్నాను. అమ్మ గొంతు సర్దుకుంది. "నా మొగుడు నన్ను కొట్టినాడు బాబూ. ఎందుకంటే..." అంది.

"చాలండి అత్తయ్యగారూ, ఈ రూపం దొరికింది. ఇప్పుడు 'తిన్నారు' అనడానికి మీరేమంటారు?" అన్నారు ఆయన.

అమ్మ కొంగు సర్దుకుని, "తిన్నారు అనే అంతాం," అంది.

చిన్నప్పుడు గోడ అవతల చప్పుళ్ళు విన్నాను. పొద్దున అమ్మ ముఖం చూశాను. కానీ అమ్మ నోటితో ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. మేం కారెక్కుతుంటే నా చెయ్యి పట్టుకుని, "మీ ఆయన మంచోడే పాపా. నా కస్టం అడిగినాడు లా. ఒక మగోడు అడగడం ఇదే మొదలు," అంది. తల ఊపాను.

ఆ వాక్యాన్నీ నేనే టైపు చేశాను. కర్త, కర్మ, క్రియ, భూతకాలం. దాని పక్కన కరూక్‌లో ఏ రూపం రావాలన్న గడిలో ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. ఆయన దాన్ని చెరిపి 'అనిక్' అని వేశారు. "ఇంకా అంత పాతది కాదేమో," అన్నాను. "మీ నాన్న పోయి ఎన్నేళ్ళయింది? ముగిసిపోయిన సంగతి," అన్నారు.

తర్వాతి శుక్రవారం యూనివర్సిటీలో ఆయన ప్రసంగం. పొద్దున్నే వెళ్ళి కుర్చీలు సర్దించాను, కూర నింపి వేయించిన కరిపాపులూ టీ తెప్పించాను, చివరి వరసలో కూర్చున్నాను. ఆయన బాగా మాట్లాడతారు. నేను వేసిన పట్టికలు తెర మీద ఒక్కొక్కటే వచ్చాయి. ఆ తర్వాత ఆ వాక్యం వచ్చింది. పైన కరూక్ రూపం, కింద మలాయ్, దాని కింద పెద్ద అక్షరాల్లో 'నా మొగుడు నన్ను కొట్టినాడు'. గదిలో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరో చిన్నగా నవ్వారు. బయటి దేశం నుంచి వచ్చిన ఒక పెద్ద ప్రొఫెసర్ చెయ్యెత్తి, చాలా మర్యాదగా అడిగారు. "ఈ క్రియ ఒక్కసారి జరిగినదాన్ని చెబుతోందా, చాలాసార్లు జరిగినదాన్నా? దాన్ని బట్టి మీ మూడు వరసలూ మారిపోతాయి కదా."

"నిజానికి మా మామగారిని అడగాలి. దురదృష్టం, ఆయన లేరు," అన్నారు మా ఆయన.

గదంతా నవ్వింది. ఆ ప్రొఫెసర్ కూడా. మా ఆయన కళ్ళు నవ్వుతూనే చివరి వరసలో నన్ను వెతికాయి, జవాబు తెలియనప్పుడు ఎప్పుడూ వెతికినట్టే. "కనుక్కుని చెబుతాను," అన్నారు. నేను లేచి టీ కప్పులు పోగుచెయ్యడం మొదలుపెట్టాను. ఒక కప్పులో అప్పుడే పోసిన టీ ఉంది. అది నా చేతి మీద ఒలికితే గానీ వేడిగా ఉందని తెలియలేదు.

కారులో ఆయన హుషారుగా ఉన్నారు. "మంచి ప్రశ్న. సోమవారం అధ్యాయం పంపాలి. మీ అమ్మకి ఫోన్ చేసి కనుక్కో. ఒక్కసారా, చాలాసార్లా? రెండు నిమిషాల పని."

"అది ఫోనులో అడిగేది కాదండీ."

"వ్యాకరణం ప్రియా, వ్యాకరణం. దాంట్లో ఏడుపెందుకు?"

నేను ఏడవలేదు. ఆ మాట చెప్పినా దిద్దుతారు. మర్నాడు పొద్దున అత్తయ్యకి ఉల్లి లేని కూర చేసి మూతపెట్టి, వెళ్ళొస్తానన్నాను. "మధ్యాహ్నానికి వచ్చెయ్, వాడికి చల్లారిన అన్నం పడదు," అన్నారావిడ. ఆయన గుమ్మం దాకా వచ్చి, "మర్చిపోకు, ఆ ప్రశ్న," అన్నారు.

అమ్మ గుమ్మంలో చిన్న పీట మీద కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను ఒంటరిగా చూసి అల్లుడేడని అడిగింది. పనుందన్నాను. పక్కన నేల మీద కూర్చుని నేనూ ఒక రెమ్మ తీసుకున్నాను. దారి పొడుగునా పామాయిల్ చెట్ల మధ్య కారు నడుపుతూ ఆ ప్రశ్నని ఎన్నో రకాలుగా కూర్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే అది ఉన్నదున్నట్టే వచ్చింది.

"అమ్మా, నాన్న కొట్టినాడని ఆ దినం సెప్పినావు కదా. అది ఒక్కసారా, సానాసార్లా?"

అమ్మ చేతులు ఆగాయి. కోపం రాలేదు, ఆశ్చర్యం కూడా లేదు. "ఏ దినం గురించి అడుగుతున్నావు?" అంది.

నేను అమ్మ వైపు తిరిగి కూర్చున్నాను.

"వాన పడితే రబ్బరు చెట్టు గియ్యడానికుండదు పాపా. పాలన్నీ నీళ్ళలో కలిసిపోతాయి. పని నేదు. పని నేకపోతే మీ నాన్న ఇంట్లో ఉంటాడు. అదే సెప్పబోయినాను బాబుతో. వాన పడిన దినాలన్నీని. ఎన్నంటే నానేటి సెప్పను? మబ్బు పట్టిందంటే నిన్ను పక్కింటి లచ్చమ్మ దగ్గర పడుకోబెట్టేదాన్ని. ఇప్పటికీ మబ్బేస్తే నాకు అన్నం దిగదు. మడిసి పోయినాడు, వాన పోయిందేటి?"

ఇద్దరం రెండు మూడు రెమ్మలు దూశాం. ఆ తర్వాత అమ్మ నా చేతి మీద కాలిన మచ్చ చూసింది. చెయ్యి లాగి దగ్గరగా పెట్టుకుని చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది ఇప్పుడేల అడిగినావు? నిన్ను కొడుతున్నాడా?"

"నేదమ్మా. టీ ఒలికింది. ఆయన ఎప్పుడూ సెయ్యెత్తనేదు."

అది నిజం. అబద్ధం చెప్పినదానిలా ఎందుకు చూపు తిప్పుకున్నానో నాకు తెలియదు. అమ్మ నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. మా అమ్మ నన్ను అంత దగ్గరగా చూసి చాలా ఏళ్ళయింది.

"కొట్టకపోతే మరి ఎందుకే ఇట్టా అయిపోయినావు?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. అత్తయ్య మాటలు, దిద్దుళ్ళు, తెర మీది అక్షరాలు, టీ అందించిన శ్రీమతి, అన్నీ ఒక్కసారిగా గొంతుదాకా వచ్చాయి. వేటికి అవి చిన్నవే. ఒక్కొక్కటీ బయటపెడితే దీనికేనా అంటారు. అందుకే నేను కూడా ప్రతిసారీ దీనికేనా అనుకుని లోపలికి నెట్టేశాను.

ఫోను మోగింది. ఆయనే.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమంది? ఒక్కసారా, చాలాసార్లా?"

"చెప్పనండీ. ఆ వాక్యం మీ పుస్తకంలోంచి తీసెయ్యండి. అది మా అమ్మది."

ఆయన క్లాసులో మందమతికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "ప్రియా, సోమవారం అధ్యాయం వెళ్ళాలి. ఆ వాక్యం తీసేస్తే పట్టికంతా మళ్ళీ వెయ్యాలి. కరూక్ వరసలు కూడా. ఎవరు వేస్తారు?"

"నేను వెయ్యను," అన్నాను. "నేను వేసినవి కూడా నాకు కావాలి. వాటితో నేను చదువుకుంటాను."

"నీకేమైనా మతిపోయిందా? అమ్మ భోజనానికి కూర్చుంది. ఎప్పుడు బయల్దేరుతున్నావ్?"

"కూర పొయ్యి మీద ఉంది. మీరు వడ్డించండి," అని ఫోను ఆపేశాను.

అది ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను, భయమే. ఫోను పక్కన పెట్టేటప్పుడు నా చెయ్యి తగిలి మునగాకు నేల మీద చెల్లాచెదరైంది. అమ్మ దాన్ని ఎత్తబోయి, నన్ను చూసి ఆగింది. ఇంట్లోకి వెళ్ళి గిన్నెతో చల్లటి నీళ్ళు తెచ్చి నా చేతి మీద పోసింది. చీర కొంగుతో తడి అద్దింది. గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళబోతుంటే ఆ కొంగు పట్టుకుని ఆపాను.

"కొట్టనేదమ్మా, నిజంగానే కొట్టనేదు. మిగతావన్నీ సెప్తాను, కూకో."