క్యాలెండర్ అడుగున పేరు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లవాళ్లు కొత్త సంవత్సరానికి పంచే క్యాలెండర్లను ఎవరూ అడుగు దాకా చదవరు. పైన దేవుడి బొమ్మో మక్కా బొమ్మో, కింద కొట్టు పేరు, తేదీలు, పండగలు, అంతే. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘డీటీపీ: రహమతున్నీసా’ అని ఉండేది. చేసిన మనిషి పేరు లేకపోతే ఎట్టాగమ్మా అని ప్రెస్సు ఓనరు కోటిరత్నం గారే వేయించింది. క్యాలెండర్ చేతికి రాగానే రహమతున్నీసా ముందు ఆ అడుగే చూసుకునేది. పెళ్లి శుభలేఖలో తప్ప ఆమె పేరు అచ్చయింది అక్కడే మరి.

ఆమె భర్త మొహిద్దీన్ బాషా ఓ ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. ఆ కాలేజీవాళ్లు జీతం దయ తలిచినప్పుడే ఇచ్చేవారు. మిగతా నెలల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఇంటి కంప్యూటర్ మీద ఆమె చేసే టైపింగు మీదే. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఒక్కసారి నోరు తెరిచి అన్న పాపాన మాత్రం పోలేదు.

అలాంటాయన దసరా సెలవుల్లో విజయవాడలో ఏదో సదస్సుకు వెళ్లొచ్చాడు. ఇక మొదలు. కంప్యూటర్ వాడే మనిషికి స్వేచ్ఛ ఉండాలట. డబ్బు కట్టకుండా కాపీ చేసి వాడే సాఫ్ట్‌వేర్ దొంగ సొత్తట, దాంతో సంపాదించిన కూడు హరామట. ఇన్నేళ్లూ ఆ కూడే తిని, చెయ్యి కడుక్కుంటూ అన్నాడీ మాట. అది తప్పని ఆమె కూడా అనలేదు. ఇంట్లో ఉన్నది కాపీదేనని ఆమెకూ తెలుసు. క్యాలెండర్ల పని అయిపోనివ్వండి, తర్వాత మార్చుకుందాం అంది. ఆయన తలూపాడు.

ఊపిన తలకి విలువేముంది! ఆమె పొన్నూరులో అక్క ఇంటికెళ్లి వచ్చేసరికి కంప్యూటర్ ముఖమే మారిపోయింది. ఫైళ్లన్నీ జాగ్రత్తగా పక్కన దాచి, మిగతాదంతా తుడిచేసి, ఉచితంగా దొరికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించి కూర్చున్నాడు. “ఇప్పుడిది పూర్తిగా మనది రహమత్. ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు” అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి ఆమెకు తిట్టడానికి కూడా నోరు రాలేదు.

క్యాలెండర్ ఫైలు తెరిచింది. పాత తెలుగు ఫాంటు పోయింది కదా, ఉగాదీ రంజానూ ఏకాదశీ అన్నీ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలై కనిపించాయి. ఆయన నెట్‌లో వెతికి ఏదో పెట్టి మారిస్తే తెలుగైతే వచ్చింది గానీ, వత్తులు చోటు తప్పి పక్కకి జారాయి. పోనీ మళ్లీ కొడదామంటే కీబోర్డు వరసే వేరు. కళ్లు మూసుకుని కొట్టే మనిషి ఒక్కో అక్షరానికీ వెతుక్కోవలసి వచ్చింది. నెల్లాళ్లలో అలవాటైపోతుందన్నాడాయన. క్యాలెండర్లకు నెల్లాళ్లెక్కడివి? పాతది మళ్లీ వేయించుకుంటానంటే, దొంగ సొత్తు తన గడప తొక్కడానికి వీల్లేదన్నాడు.

ఆ వారంలోనే ఓ సాయంత్రం ఆయనకు టీ తెచ్చి, ఆయన లాప్‌టాప్ వంక చూసి ఆగిపోయింది.

“ఇదీ కాపీదేగా?”

ఆయన తల తిప్పకుండా, కాలేజీ మార్కుల ప్రోగ్రాం కొత్తదాంట్లో తెరుచుకోదని, ప్రిన్సిపాల్ ఊరుకోడని చెప్పాడు.

“అయితే పది రోజులు నాకివ్వండి. పాత ఫాంటు వేసుకుని క్యాలెండర్లు చేసిస్తాను. కోటిరత్నం గారూ ఊరుకోరు కదా.”

“అదీ ఇదీ ఒకటా రహమత్? నాది ఉద్యోగం. నువ్వంటే ఇంట్లో కూర్చుని ఏదో చేసుకుంటున్నావు.”

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. టీ గ్లాసు అక్కడ పెట్టి వచ్చేసింది. కోటిరత్నం గారు ఆగగలిగినన్నాళ్లు ఆగి, ఫోన్ చేసి, పని బ్రాడీపేట కుర్రాడెవరికో ఇచ్చానని బాధగానే చెప్పింది. ఆ మాట రహమతున్నీసా ఇంట్లో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. కొత్త కీబోర్డు ముందు ఆమె కుస్తీ పడుతుంటే క్యాలెండర్లే చేస్తోందనుకున్నాడు.

జనవరిలో ఎవరో కొట్టువాళ్లిచ్చారని ఆయనే ఓ క్యాలెండర్ తెచ్చి, గోడ మేకుకి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసి మురిసిపోయాడు.

“ఎంత నీటుగా చేశావో చూడు. నేను చెప్పలా, అలవాటైపోతుందని? ఊరికే కంగారుపడ్డావు.”

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, “అడుగున చూడండి” అంది.

ఆయన వంగి చూశాడు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు. అక్కడ ఎవరి పేరో ఉంది. అది ఎవరిదైతే ఏం, ఆయనకు అక్కడ పేరుండేదనే తెలియదు.

“ఏముందిక్కడ?” అన్నాడు.

“ఏమీ లేదండీ. ఇన్నాళ్లూ ఉండేది.”