ఇంజెక్షన్ తర్వాత పది నిమిషాలు

శ్రీదివ్య పరీక్షకు పదకొండు రోజులు ఉన్నాయి. దుబాయ్‌లో పళ్ల డాక్టరుగా పనిచేయాలంటే లైసెన్సు కోసం రాయాల్సిన పరీక్ష అది. రెండుసార్లు రాసి తప్పింది. మూడోసారి తప్పితే మళ్లీ రాయనివ్వరు. భర్త ఆనందకుమార్ నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాడు. పాపకు ఐదేళ్లు.

ఇల్లు ఆత్మకూరులో, క్లినిక్ ఉదయగిరిలో. బస్సులో చదివితే కడుపులో తిప్పుతుంది కాబట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాఠాలు వింటుంది. క్లినిక్‌లో ఒంటిగంట నుంచి మూడింటి దాకా తలుపు వేసుకుని చదువుతుంది. ఇంటికి వెళ్లి పుస్తకం తెరిస్తే రెండో పేజీకే నిద్ర వస్తుంది.

ఇవి కాక ఇంకొంత సమయం ఉందని నెల కిందట కనిపెట్టింది. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే దవడ మొద్దుబారడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ ఫోన్లో అలారం పెట్టుకుని వెనక గదిలో కూర్చుంటుంది. పది నిమిషాలకు పన్నెండు ప్రశ్నలు. రోజుకు ఐదు పళ్లు పీకితే అరవై. రూట్ కెనాల్ అయితే అలా కుదరదు. ఇంజెక్షన్ తర్వాత పది నిమిషాలు దొరికినా, ఆ పైన గంటలు పోతాయి.

సీతారామపురం నుంచి దేవకమ్మ వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. ఆమెకు నలభై నాలుగేళ్లు. కింది దవడ పన్ను మూడు రోజులుగా నిద్రపోనివ్వడం లేదు.

"పీకేయండి డాక్టరమ్మా. మళ్లీ మళ్లీ రమ్మంటే నా వల్ల కాదు. మా ఊరి బస్సు ఎప్పుడొస్తాదో ఆ డ్రైవరుకే తెలీదు."

శ్రీదివ్య ఎక్స్‌రే తీసి చూసింది. "సరే అక్కా, పీకేద్దాం" అని ఇంజెక్షన్ ఇచ్చింది.

క్లినిక్‌లో పదహారేళ్లుగా పనిచేస్తున్న రెబెకమ్మ ట్రేలో పటకారు పెట్టింది. వెనక గదికి వెళ్తున్న శ్రీదివ్యతో గొంతు తగ్గించి అంది.

"ఈ నెలంతా మనకి పీకడమే ఉండాది మేడం. రూట్ కెనాల్ సామాను పెట్టె తెరిచి ఎన్నాళ్లైనాదో."

"వాళ్లే పీకమంటా ఉండారు కదా."

"అంతకుముందూ వాళ్లే పీకమనేవాళ్లు. మీరే వద్దని అరగంట చెప్పేవాళ్లు. వినలేక నేనే బయటికి పోయేదాన్ని."

శ్రీదివ్య తలుపు దగ్గరికి వేసి అలారం పెట్టుకుంది.

తొమ్మిదో ప్రశ్న. నలభై ఐదేళ్ల స్త్రీ. కింది దవడలో మొదటి పెద్ద దంతం. చల్లనిది తగిలితే మొదలైన నొప్పి ఎంతసేపటికీ తగ్గదు. పన్ను కదలడం లేదు. ఎముక బాగుంది. ఏం చేయాలి? రూట్ కెనాల్ అన్న జవాబు పక్కన టిక్ పెట్టింది. ఇరవై సెకన్లు పట్టింది. పదో ప్రశ్న చదివింది. మళ్లీ చదివింది. అలారం మోగకముందే లేచింది.

ఎక్స్‌రే మళ్లీ చూసింది. ఎముక బాగుంది. పన్నును వేలితో కదిపింది. కదల్లేదు.

"అక్కా, ఇది పీకక్కర్లేదు. నరం తీసి మందు నింపితే నిలబడతాది."

"ఎన్నిసార్లు రావాల?" దేవకమ్మ మొద్దుబారిన పెదవితో అడిగింది.

మామూలుగా అయితే మూడుసార్లు. శ్రీదివ్య గడియారం చూసింది. ఒంటిగంటకు ఐదు నిమిషాలు ఉంది.

"ఇప్పుడే మొదలుపెడితే మూడింటికి అయిపోతాది. పన్ను మీద తొడుగు వేయడానికి ఇంకొక్కసారి వస్తే చాలు."

"ఇందాక పీకేద్దామంటిరే."

"ఇందాక సరిగా చూడలేదు."

"చూడకండానే సూది పొడిచినారా?"

"ఆ సూది ఎక్కడికీ పోలేదులే," అంది రెబెకమ్మ. "దీనికీ అదే సూది." ట్రేలోంచి పటకారు తీసేసి పెట్టె తెరిచింది.

ఖర్చు విని దేవకమ్మ అవతలి దవడ తడుముకుంది. తర్వాత, "ఆ పక్క ముందే రెండు పీకించుకున్నాను. నమిలేది ఈ పక్కనే," అని నోరు తెరిచింది.

పని మూడుంబావుకు ముగిసింది. బయట ముగ్గురు కూర్చుని ఉన్నారు. శ్రీదివ్య నిలబడే రెండు ముద్దలు తిని మొదటివాళ్లను పిలిచింది.

సాయంత్రం బస్సులో చదువు షెడ్యూల్ కాగితం తీసింది. మధ్యాహ్నం పోయిన ఆ రెండు గంటలూ చిన్నపిల్లల పళ్ల పాఠానికి కేటాయించినవి. ఆ గడి కొట్టేసి, పాఠాన్ని ఎక్కడికి జరపాలా అని చూసింది. మిగిలిన రోజుల్లో ఒక్క గడీ ఖాళీగా లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టి, చెవుల్లో పాఠం పెట్టుకుంది.

కండక్టరు భుజం దగ్గర సీటు మీద తట్టాడు.

"ఆత్మకూరు వచ్చినాది మేడం. మీరు నిద్రపోయినారు గానీ, చెవిలో ఆయన ఇంకా మాట్లాడతానే ఉండాడు."

ఏ పాఠం దగ్గర నిద్రపోయిందో ఆమెకు గుర్తులేదు. మొదటినుంచి పెట్టుకుని బస్సు దిగింది.