కర్ర ఊపే మనిషి

"ఊపవయ్యా, కొలబద్దా!"

మూడుకాళ్ల యంత్రం వెనక ఒక కన్ను మూసుకుని ఇంజనీరు కేకేశాడు. కొలబద్ద అనే పేరు ఆఫీసువాళ్లు పెట్టిందే. మనిషికి రెండింతలున్న, అంకెలు వేసిన కొలకర్రను అతను మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపాడు. రోడ్డు పక్కన దాన్ని పట్టుకుని నిలబడడమే ఇరవై ఆరేళ్లుగా అతని ఉద్యోగం. అరచేతులు కాయలు కాశాయి, ఎడమ భుజం కాస్త జారింది. ఊపమంటే ఊపుతాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అడిగితే నవ్వుతారని అతనూ అడగలేదు.

ఇవాళ కాలు ఒకచోట నిలవడం లేదు. కూతురికి ఇంజనీరింగులో సీటొచ్చింది, సాయంత్రం ఐదింటికి బస్సు. నెలలోపు కాలేజీవాళ్లు లెక్కల్లో, సైన్సులో పెట్టే పరీక్ష గట్టెక్కకపోతే ఆ సీటు పోతుందట. పొద్దున ఆ పిల్ల సర్దిన పెట్టెలోంచి బట్టలన్నీ తీసేసింది.

"నేను వెళ్లను నాన్నా. సూత్రాలన్నీ బట్టీ పట్టి నెట్టుకొచ్చా. అక్కడ నా బండారం బయటపడుతుంది."

డ్యూటీకి వేళవుతోందని అతను అలాగే బయల్దేరి వచ్చేశాడు.

"ఏంటా కదలడం? చీమలు కుడుతున్నాయా?" ఇంజనీరు విసుక్కున్నాడు. ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి అతను మూడింటికే ఇల్లు చేరాడు.

ఖాళీ పెట్టె పక్కన మోకాళ్లమీద గడ్డం ఆనించి కూర్చుంది కూతురు. దారిపొడుగునా కూడగట్టుకున్న ధైర్యం మాటలు గుమ్మంలోనే మరిచిపోయాడు.

"కర్ర ఎందుకు ఊపమంటారమ్మా?"

"నీకు తెలీదా?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?"

"ఇది ఇంజనీరు చూపనుకో," అంటూ ఆమె సుద్దముక్కతో గోడమీద అడ్డగీత గీసింది. బూజుకర్రను నిటారుగా నిలబెట్టి, గీత తగిలినచోట కర్రమీద సుద్ద అంటిన వేలు నొక్కింది. తర్వాత కర్రను పక్కకు వాల్చి మూలగోడకు ఆనించింది. గీత ఇప్పుడు ఆ గుర్తు దాటి పైన తగిలింది.

"వాలితే అంకె పెరుగుతుంది నాన్నా. సరిగ్గా నిటారుగా ఉన్నప్పుడే అన్నిటికన్నా తక్కువ. ఊపుతుంటే ఆ తక్కువది పట్టుకుని రాసుకుంటారు..." ఆగిపోయింది. "నేను బట్టీ పట్టిన త్రిభుజం సూత్రం ఇదే కదా!"

గోడమీద ఒక త్రిభుజం గీసింది. దాని పక్కన ఇంకొకటి గీసింది. తండ్రి అక్కడున్న సంగతే మరిచింది.

అతనికి సంతోషంతోపాటు సిగ్గూ వేసింది. ఇన్నేళ్లూ ఇంత చిన్న సంగతి తెలియకుండా బతికానే అనుకుంటే కళ్లు చెమర్చాయి.

"అక్కడ తెలియనిది అడుగు తల్లీ. నవ్వుతారని నాలాగా ఊరుకోకు."

ఇద్దరూ కలిసి బట్టలు పెట్టెలో కుక్కారు. ఐదింటికి బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. మలుపు తిరిగేదాకా అతనక్కడే నిలబడ్డాడు.

ఇంటికొచ్చి చూస్తే బూజుకర్ర ఆమె వాల్చిన చోటే ఉంది. అలవాటుకొద్దీ నిటారుగా పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కర్రమీద, గోడగీతకు కాస్త కిందుగా, ఆమె వేలి సుద్దముద్ర తెల్లగా ఉంది.