తోడికోడళ్ళ మాత్రలు

ఆ ఇద్దరూ వస్తున్నారంటే క్లినిక్‌లోకి ముందు గొడవ వచ్చేది, వెనకాల మనుషులు వచ్చేవాళ్ళు. తాళం ఎక్కడ పెట్టావని ఒకరు, బస్సు తప్పిపోయింది నీ మూలంగానే అని ఇంకొకరు. ఇద్దరికీ అరవై దాటాయి. అత్తగారు పోయి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. అయినా వాళ్ళు పెద్దకోడలు, చిన్నకోడలే. వాళ్ళని పెళ్ళాడిన అన్నదమ్ములు కూడా పోయాక ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో మిగిలారు. ఒకరినొకరు సాధించుకోవడమే వాళ్ళకు కాలక్షేపం.

ఇద్దరికీ కీళ్ళవాతమే. "మొగుళ్ళు అన్నదమ్ములైతే జబ్బులు కూడా అక్కచెల్లెళ్ళు అవ్వాలా డాక్టరమ్మా!" అని చిన్నకోడలు నవ్వేది. అప్పుడు ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకుని ఉండేవి. ఆ చేతులతో ఆమె బట్టలు కుట్టేది. కుడితే పేటలో ఇంకొకరు వంక పెట్టడానికి వీల్లేదు. జబ్బు ముదిరాక మిషను మీద దుప్పటి కప్పేసింది.

వాళ్ళని కొత్తమందు పరీక్షలోకి తీసుకున్నది చిన్నడాక్టరు. కీళ్ళ జబ్బుల విభాగానికి పెద్దడాక్టరు ఒకాయన ఉండబట్టి ఆమెకు ఆ పేరు పడింది కానీ పని మాత్రం చిన్నదేం కాదు. పాత మందులు అందరికీ మామూలుగానే నడుస్తాయి. వాటికి తోడు కొందరికి కొత్తమందు, కొందరికి అచ్చం అలాగే ఉండే పిండి మాత్ర. ఎవరికేది వచ్చిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ఒకే ఇంటి నుంచి ఇద్దరెందుకని పెద్దడాక్టరు మొదట గునిశాడు. మనుషులు దొరక్క తలప్రాణం తోకకొస్తున్న రోజులవి. చివరికి సరేనన్నాడు.

మొదట కోలుకున్నది పెద్దకోడలు. పొద్దున లేస్తే కొయ్యబారి ఉండే వేళ్ళు పిడికిలి పట్టాయి. చిన్నకోడలికి ఏ మార్పూ లేదు. కొన్ని నెలలు గడిచాక తిరగబడింది. చిన్నకోడలి మణికట్టు వాపు తీసింది, మిషను మీద దుప్పటి లేచింది. పెద్దకోడలి కణుపులు మళ్ళీ ఉబ్బాయి. "నొప్పి లేదమ్మా, ఊరికే వాపు. వయసు కదా," అనేది ఆవిడ. మందు కొంతకాలం పనిచేసి ఆగిపోవడం చిన్నడాక్టరు చూడనిదేం కాదు. అదే రాసుకుంది. చిన్నకోడలి చేతులు చూసినప్పుడల్లా మాత్రం ఆమెకు సొంత చెల్లెలు పరీక్ష పాసైనంత సంబరంగా ఉండేది.

అలాంటి చిన్నకోడలు ఒకరోజు పచ్చబడ్డ కళ్ళతో వచ్చింది. అన్నం సయించడం లేదు, కాలు తీసి కాలు వేయలేకపోతోంది. చిన్నడాక్టరు రక్తపరీక్ష చూసింది. లివరు బాగా దెబ్బతింది. వెంటనే మాత్రలు ఆపించి, వార్డులో చేర్చి, ఆమె పేరున రాసింది ఏ మాత్రో జాబితా చూసి చెప్పమని పరీక్ష నడిపేవాళ్ళకు కబురు చేసింది. జవాబు వచ్చింది: పిండి మాత్ర.

కొత్తమందు చెడ్డది కాదన్నమాట. ఆ మాట విన్నప్పుడు ఆమెకు లోలోపల ఊరట కలిగింది. ఆ ఊరటకు తర్వాత ఆమె చాలా సిగ్గుపడింది.

ఇక కారణం కోసం వేట మొదలైంది. వైరస్‌లు కావు, రాళ్ళు కావు, నాటుమందులు తినలేదు. చిన్నకోడలు రోజురోజుకీ నీరసించింది. రేపు సూది గుచ్చి లివరు ముక్క తీద్దామని పెద్దడాక్టరు నిశ్చయించాడు.

"ఆ మాత్రలు కూడా మళ్ళీ మొదలుపెట్టండి," అన్నాడు ఆయన రౌండ్స్ ముగిస్తూ. "పిండికి కామెర్లు వస్తాయా ఎక్కడైనా? ఆపితే ఇంకో మనిషి స్టడీలోంచి జారిపోయినట్టే."

అందులో తప్పేమీ కనిపించలేదు చిన్నడాక్టరుకు. ఆపిన సీసా తీసుకుని వార్డుకు వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద చిన్నకోడలు మగతగా పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద పెద్దకోడలు. ఆసుపత్రికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. నర్సులకే వింతగా ఉంది.

"ఇది మళ్ళీ వేసుకోవచ్చమ్మా. కాస్త గంజి తాగాక మీ చెల్లెలికి ఒకటి ఇవ్వండి," అంటూ సీసా చాపింది.

పెద్దకోడలు చెయ్యి చాపలేదు.

"భయపడకండి. ఇందులో అసలు మందే లేదు. ఉత్త పిండి."

"ఎవరు చెప్పారమ్మా?"

"కాగితం వచ్చింది. మీ చెల్లెలికి మొదటినుంచీ పిండి మాత్రలే వచ్చాయి."

పెద్దకోడలు స్టూలు మీంచి లేచింది. చిన్నడాక్టరు సీసా ఆవిడ చేతిలో పెట్టబోయింది. ఆవిడ దాన్ని గట్టిగా పక్కకు తోసేసింది. సీసా మంచం కిందికి దొర్లిపోయింది.

"అది ఇవ్వొద్దు. నీకు దణ్ణం పెడతాను, దానికది ఇవ్వొద్దు."

చిన్నడాక్టరు ఆవిడని వరండాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"నాకు తగ్గింది, దానికి తగ్గలేదు. అంటే మందు నాకే వచ్చిందని ఎవరికైనా తెలుస్తుంది కదమ్మా," అంది పెద్దకోడలు. "ఆ మిషను చప్పుడుకి తల పగిలిపోతోందని ముప్పయ్యేళ్ళు తిట్టాను దాన్ని. చప్పుడు ఆగిపోయాక ఇల్లు ఇల్లులా లేదు. అది గోడవైపు చూస్తూ కూర్చునేది. నా చేతులతో నేనేం చేస్తాను? పప్పు కలుపుతాను. దాని చేతులు అలాంటివి కావు."

"మాత్రలు మార్చారా?"

"మీరు కొత్త సీసాలు ఇచ్చినప్పుడల్లా నావి దాని సీసాలో పోసి, దానివి నేను తీసుకున్నాను. ఒకే వంటింట్లో ఉప్పూ కారం కలిపి వాడుకున్నవాళ్ళం, మందుకు వేరే లెక్కేమిటి అనుకున్నా." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేజేతులా చంపుకుంటున్నానమ్మా దాన్ని."

చిన్నడాక్టరుకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపం ఎక్కువగా తన మీదే. ఉబ్బిన కణుపులను నెలనెలా తన వేళ్ళతో నొక్కి చూసింది. మందు ఆగిపోయిందని రాసుకుంది కానీ ఆ మనిషి మందు వదులుకుందన్న ఆలోచనే రాలేదు.

"చంపలేదు. ఇప్పుడు చెప్పి కాపాడారు," అంది. అందులో అబద్ధం లేదు.

పెద్దడాక్టరు మొదట ఇంతెత్తున లేచాడు. నెలల శ్రమ గంగలో కలిపారన్నాడు. తర్వాత కుర్చీలో కూలబడి కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "ఆవిడ చెప్పకపోతే ఈ కామెర్లను పిండి మాత్ర ఖాతాలో రాసేవాళ్ళం," అన్నాడు నెమ్మదిగా. "మందు మంచిదని అందరికీ పంచేవాళ్ళం." ఆ సాయంత్రమే సూది ఆపించాడు. పరీక్షలో ఉన్నవాళ్ళందరి రక్తం మళ్ళీ చూడమని కబురు వెళ్ళింది. వాళ్ళలో మరో ఇద్దరి లివర్లు అప్పటికే దెబ్బతింటున్నాయని తేలింది. వాళ్ళకీ మాత్రలు ఆపారు.

చిన్నకోడలి కళ్ళలో పసుపు నెమ్మదిగా విరిగింది. గంజి దిగింది, తర్వాత అన్నం దిగింది. ఇక మిగిలింది ఆమెకు చెప్పడం.

"చెప్పకమ్మా, జన్మలో నా మొహం చూడదు," అని బతిమాలింది పెద్దకోడలు.

"తన ఒంటికి ఏం జరిగిందో ఆవిడకి తెలియాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

పెద్దకోడలే చెప్పింది. మంచం పట్టీ పట్టుకుని నిలబడి, తలొంచుకుని, మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. చిన్నకోడలు కళ్ళార్పకుండా వింది.

"డాక్టరమ్మ అన్ని పేజీలు చదివి వినిపించి, ఒప్పుకుంటావా అని నన్ను అడిగింది. నువ్వు ఒక్క మాట అడిగావా?" అంది చివరికి.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఛస్తే ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

చిన్నకోడలు గోడవైపు తిరిగిపోయింది. చిన్నడాక్టరుకు వెళ్ళిపోవాలో ఉండాలో తోచలేదు. ఎదురుమంచం వాళ్ళు కూడా మెడలు చాచి చూస్తున్నారు. చిన్నకోడలు ఇటు తిరగకుండానే అడిగింది.

"ఇన్నాళ్ళూ చేతులు పైకెత్తలేకపోయుంటావు. తల ఎలా దువ్వుకున్నావక్కా?"

"తెల్లారకముందే మొదలుపెట్టేదాన్ని. నువ్వు లేచేసరికి అయిపోయేది."

చిన్నకోడలు లేచి కూర్చుంది. కూర్చోవడానికే ఆయాసం వచ్చింది. "దువ్వెన తే," అంది.

"ఒంట్లో బాగాలేదు నీకు, పడుకో."

"నన్నడక్కుండా ఇన్ని చేశావు కదా. ఈ ఒక్కటీ నేను చెప్పినట్టు విను."

పెద్దకోడలు మంచం అంచున వీపు తిప్పి కూర్చుంది. ముడి విప్పితే పైపైన మాత్రమే దువ్వినట్టుంది, లోపలంతా చిక్కులు. చిన్నకోడలు కొసల నుంచి మొదలుపెట్టింది.

"అబ్బా, లాగకు. నొప్పి," అంది పెద్దకోడలు.

"నొప్పని ఇప్పుడా చెప్పేది!" అని చిన్నకోడలు గయ్యిమంది. ఆ తర్వాత దువ్వెన పక్కన పెట్టి, అక్క వీపు మీద తల ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నడాక్టరు మంచం చుట్టూ తెర లాగి బయటికి వచ్చేసింది.