కుండలో ఏర్

జిల్లా చదువుల పెద్దలారా, తప్పు మీది! పిల్లకు తెలియని సంగతేదీ మీరు అడగలేదు. పిల్ల చెప్పింది మీకు తెలియలేదు. సున్నా మాత్రం పిల్లకు వేశారు.

మీ మార్కుల పట్టీలో ఆసిఫాబాద్ పట్నం బడులు పైన, జైనూర్ గుట్టల్లోని మా గోండు గూడెం బడి అట్టడుగున. ఈసారీ అట్టడుగునే ఉంటే బడి మూసి పిల్లల్ని దూరపు హాస్టల్‌కు పంపుతామన్నారు. సోంబాయి కూతురు రేవతికి ఆరేళ్లు. ఆ తల్లికి ముద్ద దిగడం లేదు.

మళ్లీ పరీక్ష పెట్టడానికి మీ ఆఫీసు నుంచి దశరథం సార్ వచ్చాడు. పిల్లలకు జవాబులు అందిస్తుందని టీచర్ తిరుమలను బయట నిలబెట్టాడు. సోంబాయీ నేనూ కిటికీ దగ్గర నిలబడ్డాం. సార్ నీళ్ల కుండ బొమ్మ చూపించాడు.

"కుండల ఏమున్నది బిడ్డా?"

"ఏర్," అంది రేవతి.

"ఏరా? గింత కుండల వాగునే నింపినవా!" సార్ పకపకా నవ్వి తప్పు గీత గీశాడు.

"సార్, గా మాట..." అంది తిరుమల.

"మీరు ఊకోండ్రి మేడం. రూలంటే రూలే."

సోంబాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అయిపాయె అన్నా. నా బిడ్డను తోలుకపోతరు."

అంతలో సార్‌కు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఎంతకీ ఆగలేదు. రేవతి లేచి వెళ్లి గ్లాసు ముంచుకొచ్చింది.

"ఏర్, సార్."

గటగటా తాగాడు. గ్లాసు చూశాడు, పిల్లను చూశాడు.

"ఏర్ అంటే నీళ్లా?"

"అవ్."

"మరి తెలుగుల ఎందుకు చెప్పకపోతివి?"

"ఏమున్నదని అడిగినవ్. ఏం భాషల అని అడగలే."

"ఇప్పుడు నవ్వుండ్రి సార్!" అంది తిరుమల బయటి నుంచి.

నవ్వాడు, ఈసారి తనను చూసి తానే. ఆ తప్పు గీత చెరిపేశాడు. తిరుమలను లోపల కూర్చోబెట్టుకుని పిల్లలందరినీ మళ్లీ అడిగాడు. ఒక్కొక్కరూ గలగలా చెప్పారు. సార్ కిటికీ వైపు తిరిగాడు.

"మీ బడి ఏడికి పోదమ్మా. ఫికర్ చెయ్యకు."

సోంబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడుస్తూనే నవ్వింది. "అన్నా, ఇప్పుడు ఆకలైతుందే!"

మా బడి నిలిచింది, సంతోషం. కానీ మూసేస్తామని మీరు బెదిరిస్తున్న గూడెం బడులు ఇంకా ఉన్నాయి. వాటి మార్కులు ఈ రోజే పక్కన పెట్టండి. గోండి వచ్చిన మనిషిని వెంట పంపి అక్కడి పిల్లల్ని మళ్లీ అడగండి. అప్పటిదాకా ఏ బడికీ తాళం వెయ్యొద్దు!