తొమ్మిది శాతం ప్రాణం

నేను ఒక మెమరీ పలకని. చూపుడువేలంత పొడవు, బిస్కెట్ కంటే పలచన. ల్యాప్‌టాప్ పొట్టలో ఓ మూల చిన్న స్క్రూతో బిగించి ఉంటాను. నన్ను ఎస్ఎస్‌డీ అంటారు. నాలో తిరిగే చక్రాలు లేవు. ఉన్నవన్నీ గదులే, లెక్కలేనన్ని. ఒక్కో గదిలో చిటికెడు కరెంటు. ఆ చిటికెడు కరెంటే మీ ఫొటో, మీ పాట, మీ అబద్ధం. గోడ గట్టిగా ఉన్నన్నాళ్ళూ లోపలిది లోపలే ఉంటుంది. కానీ కొత్తగా రాసిన ప్రతిసారీ గోడ కాస్త అరుగుతుంది.

సిలార్ అనే మనిషి జైలుకి వెళ్ళాలా ఇంటికి వెళ్ళాలా అన్నది ఆ గోడల మీద ఆధారపడింది. ఆ కథే చెబుతున్నాను.

నేను పుట్టింది సముద్రాల అవతల, దుమ్ము కూడా చొరబడని ఫ్యాక్టరీలో. పుట్టగానే పరీక్ష పెట్టారు. ఆరోగ్యం నూటికి నూరు. అక్కణ్ణుంచి గుంటూరు చేరాను. మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని కొడుకు కార్తికేయ చదువుకోసమని నన్ను కొనిపించుకున్నాడు. చదువు నా గదుల్లో ఒక్కదాంట్లోనూ పడలేదు. కార్లు గుద్దుకునే ఆటలు, స్నేహితుడి పెళ్ళి ఊరేగింపులో తను వేసిన డాన్సు, అద్దం ముందు చొక్కా విప్పి తీసుకున్న ఫొటోలు. ఇవీ నా తొలి జ్ఞాపకాలు. అప్పుడు నా గోడలు కొత్తవి. ఏది పెట్టినా గట్టిగా పట్టుకున్నాను.

కొన్నాళ్ళకి ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయని వాడు ఇల్లు పీకి పందిరేశాడు. కొత్తది వచ్చింది. ఆ ఇంట్లో పాతబడ్డ ఫ్యానూ, సోఫా, కుక్కా అన్నీ చివరికి చేరేది కోల్డ్ స్టోరేజీకే. నేనూ చేరాను. అమ్మోనియా యంత్రాల పక్కన, కంట్రోల్ రూములో, కాలు ఊగే బల్ల మీదకి.

ఆ బల్ల ముందు కూర్చునేవాడు ఆపరేటర్ సిలార్. అతని భార్య హుసేన్‌బీ అదే ఆవరణలో, షెడ్డులో మిరపకాయల తొడాలు తీసే పని చేసేది. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కంట్రోల్ రూము గుమ్మంలో కూర్చునేది.

"పెట్టె ముందు కూర్చున్నాక నడకే మారిపోయిందయ్యా నీకు. రేపు నన్ను కూడా చీటీ రాసి లోపలికి రమ్మంటావేమో."

"ఆ చేతులతో దాన్ని ముట్టుకోకు. దానికి కూడా తుమ్ములొస్తాయి."

చాంబర్లలో చల్లదనం, పైపుల్లో ఒత్తిడి, గ్యాస్ జాడ. అన్నీ క్షణక్షణం నాలో రాసుకునేవాళ్ళు. కార్తికేయ ఆటలు నన్నేమీ చేయలేదు. ఆ పనే నన్ను అరగదీసింది.

సీజన్ మాంచి ఊపు మీదుంది. మధ్యాహ్నం. మిర్చి లారీలు రోడ్డు దాకా నిలిచి ఉన్నాయి. ఉన్నట్టుండి మూడో చాంబరు దగ్గర గ్యాస్ పసిగట్టే యంత్రం అరిచింది. సైరన్ మోగింది. హమాలీలు బస్తాలు కింద పడేసి బయటికి పరుగెత్తారు.

సైరన్ ఆగిపోయింది.

ఆపింది సిలార్ కాదు. మేనేజరు కుటుంబరావు తన ఏసీ గదిలో కూర్చుని, మా ల్యాప్‌టాప్‌కి కలిపి ఉన్న తన కంప్యూటరు నుంచి ఆపాడు. నేను రాసుకున్నాను: "అలారం ఆపినవారు: కుటుంబరావు." సిలార్ ఫోనందుకున్నాడు. అది లోపలి ఫోను. మాట వెళ్తుంది, జాడ మిగలదు.

"సార్, ఇది ఊరికే మోగడం కాదు. ఘాటు వాసన నాకే తెలుస్తోంది. హమాలీల్ని బయటే ఉంచండి సార్."

"మిర్చి గోడౌన్లో ఘాటు వాసన రాక మల్లెపూల వాసనొస్తుందేంట్రా? సైరన్ మోగినప్పుడల్లా వాళ్ళు బీడీలకి పోతున్నారు. లారీలకి నువ్వు సమాధానం చెబుతావా? పెట్టెయ్ ఫోను."

హమాలీలు మళ్ళీ లోపలికి వెళ్ళారు. పైపు అతుకు దగ్గర ఊడిపోయింది. సిలార్ తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని పరుగెత్తాడు. కొందరిని ఈడ్చుకొచ్చాడు. ముగ్గురు రాలేదు.

గ్యాస్ ఇంకా పూర్తిగా తగ్గనే లేదు, కుటుంబరావు కంట్రోల్ రూముకి వచ్చాడు. ముక్కుకి జేబురుమాలు.

"ల్యాప్‌టాప్ నా రూముకి తీసుకురా. పోలీసులొచ్చేలోపు అందులోదంతా తుడిచెయ్యాలి. అర్థమైందా?"

"అలాగే సార్," అన్నాడు సిలార్, కళ్ళు నలుపుకుంటూ.

అన్నాడే కానీ తీసుకెళ్ళలేదు. మూత వేసి భార్య చేతిలో పెట్టాడు. మూత పడినా నేను మేలుకునే ఉన్నాను. హుసేన్‌బీ నన్ను సంచిలో అడుగున పెట్టి, పైన రంగు పోయిన తాలుకాయలు కుమ్మరించింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"సంచిలో ఏంటమ్మా?"

"తాలుకాయలన్నా. ముక్కు దగ్గర పెట్టి చూడు, తెలుస్తుంది." సంచి మూతి విప్పి దులిపింది.

వాడు తుమ్మిన తుమ్ముకి నాకే అదురు పుట్టింది. "పో తల్లీ, పో!"

అదే సాయంత్రం సిలార్‌ని పోలీసులు పట్టుకెళ్ళారు. అలారం ఆపేసి నిద్రపోయాడని కుటుంబరావు చెప్పాడు. తన కంప్యూటరు అప్పటికే తుడిచిపెట్టుకున్నాడు. నిజం ఉన్న చోటు ఇక నేనొక్కదాన్నే.

హుసేన్‌బీ నన్ను లాయరు వసుంధర ఆఫీసుకి తెచ్చింది. వసుంధర రిపేరు షాపు విద్యాసాగర్‌ని పిలిపించింది. అతను నా ఆరోగ్యం చూసే పరీక్ష పెట్టి, తెర మీదికి వంగి ఈల వేశాడు.

"మేడం, ఆరోగ్యం తొమ్మిది శాతం. రాసి రాసి అరగ్గొట్టారు దీన్ని. ఉండండి, ముందు ఒక కాపీ తీసేస్తాను."

"వద్దు! నువ్వు కాపీ తీస్తే, అందులో నువ్వే ఏదో చేర్చావంటాడు అవతలి లాయరు. సీలు వేసినట్టే ఉండాలి. సాక్ష్యం రోజున కోర్టులోనే తెరిపిస్తాను. ముందే కోర్టుకిస్తే కుటుంబరావు మనుషులు అక్కడికీ వెళ్తారు."

"అయితే అసలు ఆన్ చేయకండి. వాడినకొద్దీ అరుగుతుంది."

"విన్నావుగా హుసేన్‌బీ? భద్రంగా దాచు. ఎవరినీ ముట్టుకోనివ్వకు."

"నా ప్రాణం లాగా చూసుకుంటానమ్మా," అంది హుసేన్‌బీ.

నన్ను ఆపేశారు.

మనుషుల్లో నాకు అర్థంకానిది ఒకటుంది. ఇష్టమైన వస్తువుని వాడరు. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ తొడుగు తీయరు. మంచి గ్లాసులు చుట్టాలకోసమని అటక మీద ఉంచి, చొట్టలు పడ్డవాటిలో నీళ్ళు తాగుతారు. పట్టుచీర పెట్టెలోనే మడతల వెంబడి చిరుగుతుంది. వాళ్ళ లెక్కలో ముట్టకపోవడమే ప్రేమ.

హుసేన్‌బీ నన్ను అలాగే ప్రేమించింది. దర్గా నుంచి తెచ్చిన ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఇనుప బీరువాలో, పెళ్ళిచీర కింద పెట్టి తాళం వేసింది. రేకుల ఇల్లు. గుంటూరు ఎండ. వాయిదా తరువాత వాయిదా. ఆ బీరువాలో నేను ఎన్ని ఎండాకాలాలు ఉడికానో నాకు తెలియదు. నన్ను ఆపేశాక నాకు కాలం ఉండదు.

నా సంగతి వాళ్ళకి చెప్పగలిగితే ఒకటే చెప్పేదాన్ని. గోడలు అరిగిపోయిన నాలాంటిదానికి అప్పుడప్పుడు కరెంటు తగలాలి. తగిలితే జారిపోతున్నదాన్ని మళ్ళీ సర్దుకుంటాను. తగలకపోతే, అందులోనూ వేడిలో, గదుల్లోని చిటికెడు కరెంటు కొంచెం కొంచెంగా బయటికి కారిపోతుంది. ఆ పైపులోంచి గ్యాస్ కారినట్టే. దీనికి మోగడానికి సైరన్ కూడా లేదు.

కళ్ళు తెరిచేసరికి కోర్టు హాలు. ల్యాబు నుంచి వచ్చిన నిపుణురాలు శశిరేఖ నా ముందు కూర్చుని ఉంది. పక్కన వసుంధర. బోనులో సిలార్, చిక్కి సగమయ్యాడు. ముందు వరసలో కుటుంబరావు. వెనక గోడకి ఆనుకుని హుసేన్‌బీ, చేతిలో మడత పెట్టిన ఆకుపచ్చ గుడ్డ.

శశిరేఖ ఒక ఫైలు తెరిచింది. కార్తికేయ డాన్సు. పాటతో సహా. ఒక్క చుక్క చెరగలేదు. కోర్టులో ఎవరో నవ్వారు. కొత్త గోడల మధ్య పెట్టినదంతా పదిలంగా ఉంది. కార్లు, కండలు, ఊరేగింపు.

తరువాత అలారం రికార్డు తెరిచింది. తేదీ వచ్చింది. "మూడో చాంబరు. గ్యాస్." వసుంధర ముందుకి వంగింది. "అలారం ఆపినవారు:"

ఆ పక్కన ఏమీ లేదు.

శశిరేఖ మళ్ళీ ప్రయత్నించింది. ఇంకో పద్ధతిలో ప్రయత్నించింది. ఆ గది తలుపు తట్టినప్పుడల్లా నేను లోపల వెతికాను. ఖాళీ.

"ఇక్కణ్ణుంచి చదవడం కుదరడం లేదు సార్," అంది జడ్జితో. "ఎవరూ చెరిపింది కాదు. దానంతట అదే పోయింది."

కుటుంబరావు లాయరు లేచాడు. "ఆ ఖాళీలో ఏ పేరుందో అందరికీ తెలుసు సార్. ఆ బల్ల ముందు కూర్చునేది ఒక్కడే."

జడ్జి బోను వైపు చూశాడు. "నువ్వు ఆపలేదంటావు. మేనేజరే ఆపాడనడానికి ఆధారమేంటి?"

"దాంట్లోనే ఉందయ్యా," అన్నాడు సిలార్ నావైపు చెయ్యి చాపి. "ఉండిందయ్యా."

జడ్జి, ముద్దాయి చెప్పిన మాటకి ఆధారం లేదని రాసుకోమన్నాడు.

హాలు ఖాళీ అవుతుంటే హుసేన్‌బీ శశిరేఖ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేనూ ముట్టుకోలేదు. దుమ్ము కూడా పడనివ్వలేదు. ఎట్లా పోయింది?"

శశిరేఖ ల్యాప్‌టాప్ మీటల మీద నుంచి చేతులు తీసేసింది. "వీటిని అప్పుడప్పుడు ఆన్ చేసి ఉంచాలమ్మా."

"ఎంతసేపు?"

శశిరేఖ వసుంధర వైపు చూసింది. వసుంధర ఫైలు కట్ట తాడు ముడి వేస్తోంది. ముడి పడటం లేదు.

"సెల్లు చార్జింగు పెట్టినంతసేపు పెడితే సరిపోయేదా?" అని మళ్ళీ అడిగింది హుసేన్‌బీ.

"సరిపోయేది," అంది శశిరేఖ. నన్ను ఆపేసింది.

ఆఖరిసారి నన్ను మేలుకొలిపింది కోర్టు సామాన్ల గదిలో ఇద్దరు గుమాస్తాలు. పాత సామాను వేలానికి తీస్తున్నారు.

"ఇదెవరిదండీ?"

"కోల్డ్ స్టోరేజీ కేసు, సిలార్‌ది. అప్పీలు కూడా కొట్టేశారుగా. రాజమండ్రి జైల్లో ఉన్నాడు. పాపం, వాళ్ళావిడ ఇప్పటికీ వచ్చి ఇది ఆన్ చేశారా అనడుగుతుంది."

చిన్నవాడు నా ఆరోగ్యం పరీక్షించాడు. ఆ పరీక్ష నేను ఎంత రాశానో లెక్కపెడుతుంది. ఏం మరిచిపోయానో అడగదు. తెర మీద అదే అంకె వెలిగింది. తొమ్మిది శాతం.

"బానే ఉందండీ. ఎవరో ఒకరికి పనికొస్తుంది. తుడిచెయ్యమంటారా?"

నాలో ఆ సగం వాక్యం ఇంకా ఉంది. "అలారం ఆపినవారు:" దాని పక్కన ఖాళీ.

"తుడిచెయ్," అన్నాడు పెద్దాయన.