ఆదివారం వంతు

శనివారం ఉదయం పదిన్నరకి ఆ శుభవార్త వచ్చినప్పుడు ఆమె మొగుడి తెల్ల చొక్కా కాలరుకి సబ్బు రుద్దుతోంది. పెళ్ళై రెండు నెలలే కాబట్టి కాలరు రుద్దడం కూడా సరదాగానే ఉంది. గ్లాసులో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రెండు టూత్ బ్రష్షులను చూసినా నవ్వొచ్చే రోజులవి. తడిచేత్తోనే ఫోనెత్తింది.

"నువ్వన్నదే నిజమైందమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు. ఆయన ల్యాబులో చేరిన ఈ మూడేళ్ళలో ఆ గొంతులో అంత హుషారు ఆమె ఎప్పుడూ వినలేదు. "నువ్వు ఆ మీట ఆపేసిన ప్లేట్లలో కణాలన్నీ అంచుల దగ్గర మారిపోయాయి. మీట ఆపకుండా ఉంచినవి, అదే పక్క బల్ల కుర్రాడు చూసిన ప్లేట్లు, వాటిలో ఒక్కటీ మారలేదు. పేపర్లో ముందు నీ పేరే. సోమవారం పంపించేద్దాం."

ఆమె పని మూలకణాలతో. గుండె అవ్వొచ్చు, ఎముక అవ్వొచ్చు, కంటిపాప అవ్వొచ్చు, కానీ ఇంకా ఏదీ కాలేదు, అలాంటి కణాలు. జన్యువులు అన్ని కణాల్లోనూ అవే ఉంటాయి. ఏవి పలకాలి, ఏవి నోరు మూసుకోవాలి అన్న దగ్గరే తేడా. ఏదీ కాకుండా నిలబడాలంటే మూలకణంలో కొన్ని జన్యువులు పలుకుతూనే ఉండాలి. వాటిని పలికించే మీట ఎక్కడుందో తనకు తెలుసనీ, దాన్ని ఆపేస్తే కణం ఇక నిలవలేదనీ ఆమె మూడేళ్ళుగా వాదిస్తోంది.

వార్త వినగానే మొగుడు ఆమెను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. సబ్బు నురగ ఇద్దరికీ అంటుకుంది.

"ఏంట్రా ఆ కేకలు?" వంటింట్లోంచి అత్తగారు.

"శుభవార్తమ్మా!"

ఆవిడ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. కళ్ళు తిన్నగా కోడలి పొట్ట మీదికి వెళ్ళాయి. సంగతి విన్నాక గరిటె దించింది. "ఓ, ఆఫీసుదా. మంచిదేలే అమ్మాయ్. రేపెలాగూ మీ వదిన అత్తవారు పదిమంది భోజనానికి వస్తున్నారు. అదేదో వాళ్ళకీ చెబుదువుగాని, వడ్డించేటప్పుడు."

రేపు ఆదివారం. అది గుర్తుకు రాగానే ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

మూలకణాలకి సెలవులుండవు. రోజూ పాత ద్రవం తీసేసి కొత్తది పొయ్యాలి. ల్యాబులో ఫీడింగ్ అంటారు, ఆమె మాత్రం ముద్దుగా మేత అంటుంది. ఆదివారం ఎవరి ప్లేట్లకి వాళ్ళే వచ్చి వేసుకోవాలి. మూడు వారాల కిందట ఒక ఆదివారం మొగుడు గుమ్మంలో చేతులడ్డం పెట్టి నిలబడ్డాడు. "ఒక్క ఆదివారమే కదా సైంటిస్టమ్మా. పెదనాన్న వాళ్ళు నిన్ను చూడ్డానికే వస్తున్నారు. ఒక పూట తిండి లేకపోతే చచ్చిపోతాయా నీ కణాలు?" చావవులే అని ఆమె నవ్వేసింది. శనివారం సాయంత్రమే రెండింతలు పోసి వచ్చింది కదా. ఆ రోజు పద్నాలుగు మందికి తరిగింది, వడ్డించింది, గిన్నెలు తోమింది. కోడలు పిల్ల ఎంత చలాకీగా ఉందో అని పెద్దమ్మగారు అంటే పొంగిపోయింది కూడా. సోమవారం ల్యాబు రిజిస్టరులో ఆదివారం గడి ఖాళీగా కనబడింది. అందులో టిక్కు పెట్టింది.

మేత తప్పితే అన్నీ చావవు. చాలావాటికి జరిగేది వేరు. అవి మారిపోతాయి, అంచుల దగ్గర మొదలుపెట్టి, ఏదో ఒకటి అయిపోతాయి. పక్క బల్ల కుర్రాడు ఆ ఆదివారం వచ్చాడు, తన వాటికి మేత వేసుకున్నాడు. మరి ఆమె ప్లేట్లలో కణాలు మారింది మీట ఆపినందుకా, మేత తప్పినందుకా? ఇప్పుడు వాటిని చూసి ఎవరూ చెప్పలేరు.

చొక్కా పిండుతుంటే మళ్ళీ ఆ అనుమానం, వెనక ఎవరో నిలబడి భుజం మీదుగా చూస్తున్నారని. ఈ మధ్య మైక్రోస్కోపు దగ్గరా ఇంతే. ఆ ఎవరో ఎవరో ఆమెకి తెలుసు. పెన్సిలక్క. ల్యాబులో ఉన్న కణాలన్నిటినీ పదేళ్ళ కిందట మొదలుపెట్టిన మనిషి. పెన్నుతో రాసేది కాదట, అందుకే ఆ పేరు. మనిషి వెళ్ళిపోయింది గానీ ఆమె పెంచిన కణాలు ఈ రోజుకీ రెండై, నాలుగై, వెచ్చటి పెట్టెలో బతికే ఉన్నాయి. పాత రిజిస్టరులో ఆమె రాత గుండ్రంగా, రోజూ ఉంటుంది. పెళ్ళైన ఏడాదిలో సందులు మొదలవుతాయి. 'ఆదివారం రాలేదు. చుట్టాలు.' 'ఆదివారం రాలేదు. అత్తగారికి జ్వరం.' తర్వాత ఉట్టి 'రాలేదు.' ఆ తర్వాత మాటల్లేవు, తెల్ల కాగితాలు. ఆవిడ ఏమైందని ఒకసారి అటెండరుని అడిగితే, "బాగానే ఉండుంటుందిలేమ్మా, పెళ్ళైందిగా," అన్నాడు. అది తన పెళ్ళికి వారం ముందు మాట. పెద్ద జోకులా అందరికీ చెప్పుకుని నవ్వింది.

ఏ ఆదివారం నుంచి తాను మారడం మొదలైందో పెన్సిలక్కకైనా తెలిసిందా? ఒకటి మాత్రం నిజం. తప్పిన ప్రతి రోజునీ తప్పినట్టే రాసుకుంది ఆవిడ. తను మొదటి ఆదివారానికే అబద్ధం రాసింది.

హాల్లో మొగుడు ఫోన్లో ఎవరికో గొప్పలు చెబుతున్నాడు. "మా ఆవిడంటే ఏమనుకున్నావ్!"

"ఫోన్ పెట్టెయ్యి," అని ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది.

అతను ఆమె చెయ్యి పట్టుకుని, "నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసే? మూడేళ్ళ కష్టం. ఊరుకుంటే పోయేదానికి..." అన్నాడు.

"కణాలకి తెలుసు. ఇంకెవరైనా ఇదే చేసి చూస్తే, అవి మారవేమో."

"అయితే తప్పు నాదంటావు. వెళ్ళొద్దన్నది నేనేగా."

"ఆగమన్నది నువ్వు. టిక్కు పెట్టింది నేను."

అతని కళ్ళలో నిజంగానే బాధ ఉంది. అంత మంచివాడు. గసిరి ఆపేవాడైతే ఆ రోజే గుమ్మం దాటి వెళ్ళి ఉండేది. ఆ సంగతి ఆమెకి ఇప్పుడు తట్టింది.

"అమ్మాయ్," వంటింట్లోంచి అత్తగారు, "రేపటికి ఉల్లిపాయలు ఎన్ని తీసి పెట్టను?"

"మీ ఇష్టం అత్తయ్యా, తరిగేది మీ అబ్బాయే," అంది ఆమె లేచి నిలబడి. "పేపరు పంపొద్దని సార్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతున్నాను. రేపు పొద్దున ఏడింటికి నేను ల్యాబుకి వెళ్తాను. ఆ టిక్కు కొట్టేసి, రాలేదని రాసి, కొత్త ప్లేట్లు పెట్టి, మీట ఆపినవాటికీ ఆపనివాటికీ నేనే మేత వేసి వస్తాను. మధ్యాహ్నం దాటుతుంది. నాకోసం చూడకుండా అందరూ తినెయ్యండి."